పిడికెడు బియ్యం

1910 జూన్ నెలలో స్కాట్లండులోని ఎడింబరో నగరంలో ప్రపంచ మిషనరీ మహాసభ జరిగింది. వేయిమందికి పైగా ప్రతినిధులు హాజరైన ఆ సభలో ఆసియా ఖండం నుంచి వెళ్ళినవారు బహు కొద్దిమంది. వారిలో ఒకరు తిరునెల్వేలి సీమకు చెందిన వేదనాయగం శామ్యూల్ అజరయ్య. అప్పటికి ఆయన వయస్సు 35 సంవత్సరాలు. విదేశీ మిషనరీలకూ భారతీయ క్రైస్తవ సేవకులకూ మధ్య ఎటువంటి సంబంధం ఉండాలన్నది ఆయనకు ఇచ్చిన అంశం. మిషనరీలు చేసిన త్యాగాన్ని భారతీయ క్రైస్తవ సంఘం తరతరాలపాటు కృతజ్ఞతతో చాటుతూనే ఉంటుందని ఆయన నిండు మనస్సుతో అంగీకరించారు. అక్కడితో ఆపి ఉంటే సభ ఆనందంగా చప్పట్లు కొట్టి ఉండేది. కాని ఆయన మరొక మాట కూడా అన్నారు. ఆస్తులిచ్చారు, ప్రాణాలిచ్చారు, ఇక స్నేహాన్ని కూడా ఇవ్వండి అన్నది ఆ మాటల సారాంశం. సభలో పలువురికి అది మింగుడుపడలేదు.

మేలు పొందినవాడు కృతజ్ఞత చెప్పాలి, ఇది లోకరీతి. అయితే చెప్పేవాడు ఎల్లప్పుడూ ఒక్కడే, చెప్పించుకునేవాడు ఎల్లప్పుడూ మరొకడే అయినప్పుడు ఆ కృతజ్ఞత క్రమంగా బరువెక్కుతుంది. అది ఋణం అవుతుంది. వడ్డీ పెరిగే ఋణం. అజరయ్య ఎడింబరోలో ఎత్తి చూపినది ఈ బరువునే. అప్పటికి ఏడాది క్రితమే, 1909లో, ఆయన నిజాం రాజ్యంలోని దోర్నకల్ ప్రాంతానికి మిషనరీగా వచ్చి ఉన్నారు. ఆయనను పంపినది విదేశీ సంస్థ కాదు. 1903లో తిరునెల్వేలి క్రైస్తవులు తమలో తాము చందాలు వేసుకుని స్థాపించుకున్న భారతీయ మిషనరీ సంఘం. తమిళం మాతృభాష అయిన ఆయన తెలుగును పెద్దవాడైన తరువాత నేర్చుకున్నారు. ఆయన ఎవరి మధ్య పనిచేయడానికి వచ్చారో వారు మాల మాదిగ పల్లెల ప్రజలు. కృతజ్ఞత అనే మాటకు లోకంలో ఉన్న అత్యంత క్రూరమైన అర్థం వారికి తెలిసినంతగా మరెవరికీ తెలిసి ఉండదు.

ఆనాటి తెలంగాణా గ్రామంలో దొర గడీ ముందు చేతులు కట్టుకుని నిలిచిన మనిషి నోట పలికే ‘నీ బాంచెన్, కాల్మొక్త’ అనే మాటను ఈనాటి పాఠకులు సాహిత్యం ద్వారానూ చలనచిత్రాల ద్వారానూ ఎరిగినవారే. నీ బానిసను, నీ కాళ్ళకు మొక్కుతాను అని దాని అర్థం. వెట్టిచాకిరి చేయించుకుని, ఆ చాకిరి చేయనిచ్చినందుకు కృతజ్ఞతను కూడా వసూలు చేసుకున్న వ్యవస్థ అది. కోస్తా జిల్లాలలో మాటతీరు వేరు కావచ్చును గాని పాలేరుకూ ఆసామికీ మధ్య ఉన్న లెక్క అదే. ‘ఉప్పు తిన్న విశ్వాసం’ అన్నప్పుడు ఆ ఉప్పును పండించినదెవరు, మోసినదెవరు అన్న ప్రశ్న రాదు. తిన్నవాడు మాత్రమే గుర్తుంటాడు.

ఇటువంటి ప్రజలకు కష్టకాలంలో కూడా కృతజ్ఞతలు చెల్లించమని బోధించడం మొదటి చూపులో అన్యాయంగా తోస్తుంది. చెప్పి చెప్పి నోరు అరిగినవారికి ఇంకా చెప్పమనడమా? ఈ సందేహం న్యాయమైనదే. దీనికి సమాధానం వెదకాలంటే క్రైస్తవ బోధలో కృతజ్ఞత ఎక్కడ పుట్టిందో, ఎవరి చిరునామాకు వెళుతుందో కొంచెం నిదానంగా పరిశీలించవలసి ఉంటుంది.

క్రైస్తవుల పవిత్ర గ్రంథంలోని లేఖలలో మొదటివరుసలో చెప్పదగినంత ప్రాచీనమైనది థెస్సలొనీక సంఘానికి పౌలు రాసిన మొదటి లేఖ. క్రీ.శ. 50 ప్రాంతంలో రాసినదిగా పండితులు భావిస్తారు. స్వజనుల చేతనే బాధలు పడుతున్న చిన్న సమూహానికి రాసిన ఆ లేఖ చివర, ఏ పరిస్థితి వచ్చినా అందులో కృతజ్ఞత కలిగి ఉండమన్న హితవు ఉన్నది. గ్రీకు మూలంలో ఇక్కడ వాడినది ‘లో’ అనే అర్థాన్నిచ్చే పదం; ‘కొరకు’ అనే అర్థాన్నిచ్చేది కాదు. కష్టంలో కృతజ్ఞత వేరు, కష్టానికి కృతజ్ఞత వేరు. ఎఫెసు లేఖలో అన్నింటి నిమిత్తమూ అన్న అర్థం వచ్చే ప్రయోగం కూడా ఉన్నమాట నిజమే. వ్యాఖ్యాతలు ఈ రెంటినీ సమన్వయపరచడానికి చాలా శ్రమపడ్డారు. పల్లెలోని సామాన్య విశ్వాసి మాత్రం ఆ శ్రమ లేకుండానే తేడాను గ్రహించినట్లు కనిపిస్తుంది. జ్వరం వచ్చినందుకు స్తోత్రం అని అక్కడ ఎవరూ అనరు. జ్వరంలో తోడున్నందుకు స్తోత్రం అంటారు.

పౌలు రాసిన మరొక లేఖ ఇంకా ఆసక్తికరమైనది. ఆయన చెరసాలలో ఉండగా ఫిలిప్పీ పట్టణంలోని సంఘం ఎపఫ్రొదితు అనే వ్యక్తి చేత సహాయం పంపింది. అందినట్లు తెలియజేస్తూ పౌలు రాసిన వాక్యాలను చదివినవారికి ఒక విచిత్రం కనబడుతుంది. సంతోషించానంటాడు, మీరు మంచిపని చేశారంటాడు, లేమిలోనూ కలిమిలోనూ తృప్తిగా ఉండడం నేర్చుకున్నానంటాడు. కాని మీకు కృతజ్ఞుణ్ణి అన్న మాట మాత్రం సూటిగా రాదు. కృతజ్ఞత అంతా దేవుని వైపు మళ్ళుతుంది. దీనిని కొందరు పండితులు ‘కృతజ్ఞత లేని కృతజ్ఞత’ అని చమత్కరించారు. రోమక సమాజాన్ని ఎరిగినవారికి ఇందులో చమత్కారం కంటె లోతైన విషయం కనిపిస్తుంది. ఆ సమాజంలో ఉపకారం ఒక పెట్టుబడి. సెనెకా అంతటి తత్త్వవేత్త ఉపకారాలు చేయడం, పుచ్చుకోవడం, తిరిగి తీర్చడం అనే విషయం మీద ఏడు సంపుటాల గ్రంథం రాశాడంటే ఆ లెక్కలు ఎంత చిక్కనివో ఊహించవచ్చు. ఉపకారం పొందినవాడు ప్రభువు వాకిట పొద్దున్నే హాజరు కావాలి, వెంట నడవాలి, పొగడాలి. పౌలు ఈ లెక్కల పుస్తకాన్ని మూసివేశాడు. ఇచ్చినవాడూ పుచ్చుకున్నవాడూ ఇద్దరూ మూడవవానికే ఋణపడి ఉన్నారన్నప్పుడు వారిద్దరి మధ్య ప్రభువూ బంటూ అన్న సంబంధం నిలవదు. మిగిలేది, అజరయ్య అడిగినదే, స్నేహం.

1912 డిసెంబరు 29న కలకత్తాలోని సెయింట్ పాల్ కెథెడ్రల్‌లో అజరయ్య బిషప్పుగా అభిషిక్తులైనారు. ఆంగ్లికన్ సంప్రదాయంలో ఆ పదవిని పొందిన మొదటి భారతీయుడు ఆయనే. 1945 జనవరి 1న మరణించే వరకు దోర్నకల్ పీఠాన్ని నిర్వహించారు. ఈ మూడు దశాబ్దాలలో ఆయన పట్టుబట్టి సాధించిన విషయాలలో ఇవ్వడం ఒకటి. పేదవాడు ఇవ్వలేడన్న వాదాన్ని ఆయన ఎన్నడూ అంగీకరించలేదు. క్రైస్తవుడు ఇవ్వవలసిన పద్ధతి మీద ఒక పుస్తకమే రాశారు. కూలినాలి చేసుకునే కుటుంబాల వద్ద నగదు ఉండదు కనుక గింజల రూపంలో, కోళ్ళ రూపంలో, గుడ్ల రూపంలో ఇవ్వమన్నారు. తెలుగు క్రైస్తవ కుటుంబాలలో ‘పిడికెడు బియ్యం’ అనే ఆచారం వేళ్ళూనుకున్న నేల ఇటువంటిది.

ఆచారం చాలా చిన్నది. ఇల్లాలు పొద్దున్నో సాయంత్రమో ఎసట్లో పోయడానికి చాటలోకి బియ్యం తీసుకుంటుంది. ఎన్ని సోలలు కావాలో అన్ని కొలుచుకుంటుంది. ఆ కొలిచిన దానిలో నుంచే ఒక పిడికెడు తీసి, పొయ్యికి ఎడంగా పెట్టిన ముంతలో వేస్తుంది. కుండలో మిగిలిన నిల్వ నుంచి తీయదు. వండబోయే దాని నుంచి తీస్తుంది. ఈ తేడాను గమనించడం అవసరం. నిల్వలో నుంచి తీసినది లెక్కలోకి వచ్చే దానం. వండబోయే దానిలో నుంచి తీసినది తన కంచంలోని ముద్ద. నలుగురికి సరిపడే అన్నంలో పిడికెడు తగ్గితే ఎవరికి తగ్గుతుందో ఆ ఇంట్లో అందరికీ తెలుసు. ఆఖరున తినేది ఇల్లాలు. తీస్తున్నప్పుడు పెదవుల మీద ఒక చిన్న స్తోత్రం కదులుతుంది. పెద్ద ప్రార్థనకు అక్కడ వ్యవధి ఉండదు, ఎసరు మరుగుతుంటుంది. బియ్యం పండుగపూట తిండిగా ఉన్న రోజులలో ముంతలో పడినవి జొన్నలో సజ్జలో. పేరు మాత్రం పిడికెడు బియ్యమే.

ఆదివారం ఆ ముంత గుడికి వెళుతుంది. కానుకల వేళ గంపలో పోస్తారు. ఒక ఇంటి సన్నబియ్యం, మరొక ఇంటి దొడ్డుబియ్యం, ఇంకొక ఇంటి నూకలు కలిసిపోతాయి. ఆరాధన తరువాత కొలిచి, సంఘపెద్దలలో ఒకరు పుస్తకంలో రాస్తారు. కొంత అమ్ముతారు, కొంత ఉపదేశి కుటుంబానికి, దిక్కులేని వితంతువుకు, మంచానపడిన ముసలివానికి చేరుతుంది. ఆ విధంగా ఆదివారం పుచ్చుకున్న ఇంటిలో కూడా సోమవారం పొయ్యి మీద ఎసరు పెట్టినప్పుడు పిడికెడు పక్కకు తీయడం కద్దు. పుచ్చుకున్నదానిలో నుంచి ఇవ్వడమేమిటని గణాంకాధికారి ఆశ్చర్యపోవచ్చు. ఆ ఇంటివారికి అందులో ఆశ్చర్యమేమీ లేదు. అందరూ పుచ్చుకున్నదానిలో నుంచే కదా ఇస్తున్నది!

గడీ వాకిట కృతజ్ఞత చెప్పి చెప్పి వంగిన నడుము ఇక్కడ నిటారుగా నిలిచిందని అనడంలో అతిశయోక్తి లేదు. తరతరాలుగా ‘పుచ్చుకునేవారు’ అన్న ఒక్క పేరుతోనే లెక్కలోకి వచ్చిన ప్రజలు దాతల జాబితాలోకి ఎక్కారు. 1939 జనవరి 6న ప్రతిష్ఠించిన దోర్నకల్ కెథెడ్రల్ నిర్మాణానికి దాదాపు పాతికేళ్ళు పట్టింది. దేవాలయ స్తంభాలనూ మసీదు గుమ్మటాలనూ తలపించే ఆ కట్టడాన్ని చూడవచ్చినవారు శిల్పశైలుల సమ్మేళనాన్ని మెచ్చుకుని వెళుతుంటారు. ఆ పాతికేళ్ళలో ఒక ప్రపంచయుద్ధం, 1930ల నాటి ఆర్థికమాంద్యం, ధాన్యం ధరలు కుప్పకూలిన సంవత్సరాలు ఉన్నాయి. ఆ కాలమంతా పీఠంలోని పల్లెలు కానుకలు తెస్తూనే ఉన్నాయన్న సంగతి గుమ్మటాల మీద రాసి లేదు.

పేదవాని నుంచి పిడికెడు తీసుకోవడం ధర్మమేనా అన్న ప్రశ్నను ఇక్కడ దాటవేయకూడదు. మార్కు సువార్తలో ఒక పేద వితంతువు తన వద్దనున్న రెండు కాసులూ దేవాలయపు పెట్టెలో వేసిన ఉదంతం ఉన్నది. ధనికులు వేసిన వాటికంటె ఆమె వేసినదే ఎక్కువ అని యేసు అన్నట్లు అందులో చెప్పబడింది. ఈ కథను కానుకల వేళ చెప్పని బోధకుడు ఉండడు. కాని దానికి కొన్ని వాక్యాల ముందే, వితంతువుల ఇళ్ళను మింగివేసే మతపెద్దలను యేసు తీవ్రంగా గర్హించిన సంగతిని చెప్పేవారు తక్కువ. రెండూ పక్కపక్కనే ఉండడం యాదృచ్ఛికం కాదనీ, ఆ రెండు కాసుల కథ ప్రశంస మాత్రమే కాక పరితాపం కూడాననీ భావించిన వ్యాఖ్యాతలున్నారు. వారి మాటలో బలమున్నది. పిడికెడు ఇచ్చిన చేతి గొప్పతనం, పుచ్చుకున్న సంస్థ నిజాయితీకి హామీపత్రం కాజాలదు. కొలిచినది పుస్తకంలో ఎక్కిందా, ఎక్కినది అవసరమున్న ఇంటికి చేరిందా అన్నవి అడగవలసిన ప్రశ్నలు. ఆ పుస్తకాన్ని ఎవరైనా తెరిచి చూడగలిగిన చోట ఆచారం నిలిచింది. చూడనివ్వని చోట ముంతలు నెమ్మదిగా అటక ఎక్కాయి.

ఈ ప్రజలను మరొక దిక్కు నుంచి కూడా నిందించారు. తిండికోసం మతం మారినవారు అన్న అర్థంలో ‘బియ్యపు క్రైస్తవులు’ అన్న పేరు దేశమంతటా వినిపించింది. ఈ నింద తెలుగునాట ముఖ్యంగా ఒంగోలు ప్రాంతపు కరువుతో ముడిపడి ఉంది. అక్కడ ఏం జరిగిందో కొంచెం వివరంగా చూడాలి.

1876-78 నాటి మహాకరువు దక్షిణ భారతాన్ని ఊడ్చిపెట్టింది. ఆంగ్లేయుల పాలనలోని ప్రాంతాలలోనే మృతుల సంఖ్య 50 లక్షలకు పైబడిందని అంచనా. మద్రాసు రాజధానిలో సహాయపు పనులను పరిశీలించడానికి 1877లో వచ్చిన సర్ రిచర్డ్ టెంపుల్, పనిచేసే మగవానికి రోజుకు ఒక పౌను, అంటే సుమారు 450 గ్రాముల ధాన్యమూ ఒక అణా చాలునన్నాడు. స్త్రీలకు, పిల్లలకు అంతకంటె తక్కువ. ఎండలో రాళ్ళు మోసే దేహానికి అది చాలదని రాజధానిలోని వైద్యాధికారి కార్నిష్ వాదించాడు. ఖజానాకు ఆదా అయిన ప్రతి అణా వెనుక ఒక శరీరం ఉన్నదన్న సంగతిని దస్త్రాలు చదివేవారు మరచిపోవడానికి వీలులేదు. ఆ సమయంలో ఒంగోలులోని అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ, యౌవనంలో సర్వే పని నేర్చినవాడు కావడంవల్ల, బకింగ్‌హామ్ కాలువలో మూడున్నర మైళ్ళ మేర తవ్వకాన్ని కాంట్రాక్టుకు తీసుకుని కరువుబాధితులకు పని కల్పించాడు. ఆయన వద్ద పనిచేసిన బోధకులే మేస్త్రీలుగా నిలబడ్డారు. పగలు తవ్వకం, విశ్రాంతి వేళల్లో బోధ. వేలమంది బాప్తిస్మం కోరారు.

క్లౌ నిరాకరించాడు. కరువు సహాయం అందుతున్నంత కాలం ఎవరికీ బాప్తిస్మం ఇవ్వనని ఏడాదికి పైగా పట్టుబట్టాడు. పొందిన కూలికి కృతజ్ఞతగా మతాన్ని పుచ్చుకోవడం ఆయనకు ఇష్టం లేదు. అంటే ఆ కృతజ్ఞతను ఋణంగా మారనివ్వలేదు. సహాయపు డబ్బు అయిపోయిన తరువాత, ఇక ఇచ్చేదేమీ లేదని తెలిసిన తరువాత కూడా జనం వచ్చారు. 1878 జూలై 3వ తేదీన వెల్లంపల్లి వద్ద గుండ్లకమ్మ నదిలో ఒక్కరోజున 2,222 మంది బాప్తిస్మం పొందారు. అయినా కరువుకూ ఈ వెల్లువకూ సంబంధమే లేదనడం చరిత్రకారునికి సాధ్యం కాదు. ఆకలి మనిషిని కదిలిస్తుంది. కదిలిన మనిషి కొత్త దారులు చూస్తాడు. అదే సమయంలో, ఈ ఉద్యమం కరువుతో మొదలు కాలేదన్నది కూడా అంతే నిజం. తాళ్ళకొండపాడుకు చెందిన తోళ్ళ వ్యాపారి యెర్రగుంట్ల పేరయ్య దానికి పదేళ్ళ ముందే ఆ మార్గంలో నడిచి, తన మాదిగ బంధువులకు ఊరూరా తిరిగి చెప్పి ఉన్నాడు. బియ్యంకోసం వచ్చారన్న ఎత్తిపొడుపును భరించిన సమాజమే తరువాతి కాలంలో పిడికెడు బియ్యాన్ని ప్రతిపూటా పక్కకు తీసింది. నింద వేసినవారు ఆ ముంతను చూసినట్లు లేదు.

ఇంతవరకు చెప్పినదానిని బట్టి కృతజ్ఞత ఉన్నచోట ఫిర్యాదు ఉండకూడదని ఎవరైనా అనుకుంటే పొరపాటు. కష్టజీవులను నోరెత్తకుండా చేయడానికి కృతజ్ఞతాబోధను వాడుకున్న యజమానులు, పాలకులు, బోధకులు అన్ని దేశాలలోనూ ఉన్నారు. కాని బైబిలు స్వయంగా ఇందుకు సహకరించదు. కీర్తనల గ్రంథంలో దాదాపు మూడోవంతు విలాపాలే. ఎంతకాలం, ఎందుకు అని దేవుణ్ణి నిలదీసే గొంతులే. యోబు గ్రంథంలో అధ్యాయాల తరబడి ఫిర్యాదు సాగుతుంది. ఓదార్చవచ్చి నీతులు చెప్పిన మిత్రులకు చివరికి చీవాట్లు దక్కుతాయి గాని, మొరపెట్టిన యోబుకు కాదు. హబక్కూకు ప్రవక్త కొట్టంలో పశువు లేకపోయినా, పొలంలో పంట లేకపోయినా ఆనందిస్తానని అన్నది మూడవ అధ్యాయం చివర. మొదటి అధ్యాయమంతా దేవునితో వ్యాజ్యమే. మొదటి అధ్యాయాన్ని దాచి మూడవ అధ్యాయాన్ని మాత్రమే పేదవానికి వినిపించడం గ్రంథచౌర్యం వంటిది.

తెలుగు సాహిత్యంలో ఈ రెండు స్వరాలనూ ఒక్క కంఠంలో వినిపించినవారు గుర్రం జాషువ. 1941 నాటి ‘గబ్బిలం’లో అంటరానివాడు తన మొరను కాశీ విశ్వనాథునికి విన్నవించమని గబ్బిలాన్ని వేడుకుంటాడు. గుడిలోకి మనిషికి లేని ప్రవేశం పక్షికి ఉన్నదన్న చేదు అందులో ఉన్నది. ఆ కవియే ‘క్రీస్తు చరిత్ర’ను రచించి 1964లో సాహిత్య అకాడమీ పురస్కారం పొందారు. మొదటిది ఫిర్యాదు, రెండవది ఆరాధన అని విడదీసి, ఒకదానిని మెచ్చి మరొకదానిని పక్కకు పెట్టే విమర్శకులు లేకపోలేదు. మొరపెట్టడం తెలిసినవాని స్తోత్రానికే విలువ ఉంటుందన్నది ఆ రెండు కావ్యాలనూ కలిపి చదివినవారికి తోచక మానదు.

ఇక అన్నిటికంటె కఠినమైన సందర్భం మరొకటి ఉన్నది. 1977 నవంబరు 19న దివిసీమ మీద విరుచుకుపడిన ఉప్పెనలో దాదాపు పదివేల మంది ప్రాణాలు కోల్పోయారు. తాటిచెట్టును కరచుకుని బ్రతికిన మనిషి ‘దేవుడు కాపాడాడు’ అంటాడు. అతని పక్కనే, అదే చెట్టుకు చేయి అందక పిల్లలను పోగొట్టుకున్న తండ్రి నిలబడి ఉంటాడు. ఆ తండ్రి చెవులకు ఈ కృతజ్ఞత ఏ విధంగా వినిపిస్తుంది? లూకా సువార్తలోని ఒక ఉపమానం ఈ సందర్భంలో గుర్తుకు రావాలి. దేవాలయంలో ప్రార్థించడానికి వెళ్ళిన ఇద్దరిలో పరిసయ్యుడు చేసినది, మాటల నిర్మాణాన్ని బట్టి చూస్తే, కృతజ్ఞతాప్రార్థనే. తాను ఇతరుల వంటివాడు కానందుకు దేవునికి కృతజ్ఞతలు చెప్పుకుంటాడు. ఉపమానం అతనిని తిరస్కరిస్తుంది. పక్కవానితో పోల్చుకుని పుట్టిన కృతజ్ఞత, ఎంత భక్తితో పలికినా, అతని మీద వేసిన రాయే. దివిసీమలో బ్రతికిన మనిషి చెప్పదగినది ‘వారికి కాక నాకు’ అని కాదు. ఊపిరి ఉన్నది అని మాత్రమే. ఆ తరువాత ఆ ఊపిరితో పక్కవాని కోసం గొయ్యి తవ్వడమో, అతని పక్కన మాట్లాడకుండా కూర్చోవడమో చేయాలి. అంతకుమించిన సమాధానం వేదాంతులు చెప్పినట్లు కనిపించదు, చెప్పకపోవడమే మర్యాద.

అటువంటి మర్యాదను పాటించినవారిలో జర్మనీ దేశపు మార్టిన్ రింకార్ట్ ఒకరు. సాక్సనీలోని ఐలెన్‌బుర్గ్ పట్టణంలో మతగురువుగా ఉండగా 1618 నుంచి ముప్పై ఏళ్ళు సాగిన యుద్ధం ఆయన వాకిట్లోనే జరిగింది. 1637లో మహమ్మారి వచ్చింది. ఆ ఒక్క ఏడాదిలో ఆయన చేతుల మీదుగా నాలుగువేలకు పైగా అంత్యక్రియలు జరిగాయంటారు. వాటిలో ఆయన భార్యవి కూడా ఉన్నాయి. ఈనాటికీ ప్రపంచమంతటా పాడుకునే ఒక కృతజ్ఞతాగీతం ఆయన రచన. శవాల మధ్య నిలబడి దానిని రాశాడని చెప్పే కథ ప్రచారంలో ఉన్నది గాని, అది మహమ్మారికి కొంచెం ముందు, తన ఇంటివారు భోజనం బల్ల దగ్గర చెప్పుకోవడానికి రాసుకున్న చిన్న ప్రార్థన అని చెప్పడమే సమంజసం. లోకం నాటకీయతను కోరుతుంది. నిజం దానికంటె సాదాగా, దానికంటె బరువుగా ఉన్నది. యుద్ధకాలంలో సన్నగిల్లిన రొట్టె ముందు పిల్లలతో చెప్పించిన మాటలు అవి. మరుసటి సంవత్సరం ఆ బల్ల దగ్గర ఒక మనిషి లేదు. ప్రార్థన ఉన్నది.

భోజనానికీ కృతజ్ఞతకూ ఉన్న ఈ ముడి క్రైస్తవంలో మొదటి నుంచీ ఉన్నదే. తెలుగు సంఘాలు ‘ప్రభువు బల్ల’ అని వ్యవహరించే సంస్కారానికి ప్రాచీన గ్రీకు నామం కృతజ్ఞత అనే అర్థం కలది. అప్పగింపబడబోయే రాత్రి, సంగతి తెలిసి కూడా, రొట్టెను చేతిలోకి తీసుకుని కృతజ్ఞతలు చెప్పిన గురువును స్మరించడం అందులోని అంతరార్థం. దోర్నకల్ వంటి చోట్ల ఆ బల్లకు సామాజికమైన అర్థం కూడా ఉన్నది. ఒక్క గిన్నెలో అందరూ పానం చేయాలి. మాల మాదిగల మధ్య, వారికీ తరువాత చేరిన ఇతర కులాలవారికీ మధ్య అది సులువుగా జరగలేదు. అజరయ్య జీవితకాలంలోనూ జరగలేదు, ఆ తరువాతా పూర్తిగా జరిగిందని చెప్పలేము. ఒకే గంపలో బియ్యం కలిసినంత తేలికగా మనుషులు కలవరు.

ఈ ఆచారం తెలుగుదేశానికి మాత్రమే చెందినది కాదు. ఈశాన్యంలోని మిజోరంలో దీనిని ‘బుహ్‌ఫాయ్ థామ్’ అంటారు. ఆ మాటకు అర్థం కూడా పిడికెడు బియ్యమే. 20వ శతాబ్ది తొలి దశాబ్దాలలో స్త్రీలు ప్రారంభించిన ఆ సేకరణ ఈనాడు అక్కడి సంఘాల ఆదాయంలో లెక్కించదగిన భాగం. పరస్పరం ఒకరి భాష ఒకరికి తెలియని రెండు సమాజాలలో ఇల్లాళ్ళ చేతులు ఒకే కొలతను ఎన్నుకోవడం, భారతీయ సంస్కృతిలోని ఏకత్వం గురించి ఉపన్యాసాలిచ్చేవారు పరిశీలించదగిన విషయం.

తెలుగు పల్లెలలో ముంత స్థానంలోకి చాలాచోట్ల కానుకల కవరు వచ్చింది. కూలి నగదుగా మారింది. చౌకదుకాణపు బియ్యం వచ్చింది. కుటుంబంలో సగం మంది హైదరాబాదులోనో గల్ఫ్ దేశాలలోనో ఉంటున్నారు. కవరు మీద పేరూ మొత్తమూ రాయడానికి గళ్ళుంటాయి. సంవత్సరాంతంలో చదివే జాబితాలో ఎవరెంత ఇచ్చిందీ అందరికీ తెలుస్తుంది. లెక్కలకు ఇది మంచిదే కావచ్చును. గంపలో పడిన పిడికెడు ఎవరిదో చెప్పడం ఎవరికీ సాధ్యమయ్యేది కాదు.

కోతపండుగ మాత్రం ఇంకా చాలా ఊళ్ళలో పాతరీతిగానే జరుగుతున్నది. వరికంకులు, గుమ్మడికాయలు, అరటిగెలలు, కోళ్ళు గుడిముందు చేరుతాయి. వానలు లేని ఏడాది రాశి చిన్నదవుతుంది గాని పండుగ ఆగదు. ఆరాధన కాగానే వేలం మొదలవుతుంది. బజారులో నలభై రూపాయలు చేసే గుమ్మడికాయను ఎవరో పంతంపట్టి రెండువందలకు పాడుకుంటారు. పాడుకున్నవాడు దానిని ఇంటికి తీసుకుపోడు. మళ్ళీ గుడికే ఇచ్చివేస్తాడు. మళ్ళీ వేలం వేస్తారు. అలా మూడు నాలుగు చేతులు మారిన ఆ గుమ్మడికాయ సాయంకాలం అందరూ కలిసి కూర్చున్న పంక్తిలో కూరగా వడ్డనకు వస్తుంది.